నాయనమ్మ పక్క నుంచి పిల్లల గది దాకా: తెలుగింటి పడకలపై సింహావలోకనం

రెండో కాన్పు దగ్గరపడుతున్న ప్రతి ఇంట్లోనూ ఒక ప్రశ్న లేస్తుంది. ఇన్నాళ్లూ అమ్మను కరుచుకుని పడుకున్న పెద్దపిల్లను ఇక ఎక్కడ పడుకోబెట్టాలి? ఇవాళ ఈ ప్రశ్న మీద భార్యాభర్తలు వాదులాడుకుంటారు. పిల్లల డాక్టరును అడుగుతారు. ఫర్నిచర్ షాపుల చుట్టూ తిరిగి చిన్న మంచాల ధరలు కనుక్కుంటారు. మూడు తరాల కిందట ఇది ఎవరూ కూర్చుని ఆలోచించాల్సిన సంగతి కాదు. "దాన్ని నా పక్కలో వెయ్యండి" అని నాయనమ్మ అనేది, వ్యవహారం అక్కడితో తేలిపోయేది.

ఈ నూరు, నూటయాభై ఏళ్ల తెలుగు ఇళ్లను ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తే ఒక విషయం తెలిసొస్తుంది. కుటుంబం పెరిగినప్పుడల్లా పిల్లలకు మారింది గది కాదు, తోడు పడుకునే మనిషి. ఇల్లు మారింది, మంచం మారింది, ఇంట్లో పిల్లల లెక్కా మారింది. ఆ మనిషి మాత్రం ఎప్పుడు తప్పుకున్నదీ మనం సరిగా గమనించలేదు.

పురిటి గది, ఉయ్యాల

తొలి కాన్పు పుట్టింట్లో. బిడ్డ మొదటి పడక పురిటి గదిలోని నులక మంచం. గాలి సోకకుండా తలుపు ఓరగా వేసి, మంచం పక్కన కుంపటి పెట్టి, సాంబ్రాణి ధూపం వేసి, మెత్తబడిన పాత నేత చీరలు మడతలు పెట్టి బిడ్డ కింద పరిచేవారు. కొత్త గుడ్డ గరుకని, పాత గుడ్డే పిల్లకు సుఖమని నమ్మకం. కొన్ని ఇళ్లలో చేటలో పాత గుడ్డ పరిచి బిడ్డను పడుకోబెట్టే ఆనవాయితీ ఉండేది. పదకొండో రోజునో, ఇరవై ఒకటో రోజునో ఉయ్యాల వేడుక. తెలంగాణలో దాన్నే తొట్టెలలో వేయడం అంటారు. దూలానికి దిగ్గొట్టిన ఇనుప కొక్కెం ఇంటికి శాశ్వత ఆస్తి. తాత ఊగిన కొక్కేనికే మనవడి ఉయ్యాలా వేలాడేది.

అయితే ఉయ్యాల పగటి పడక మాత్రమే. రాత్రి పాలు తాగే బిడ్డ చోటు తల్లి పక్కనే. పనులన్నీ ముగించుకుని నడుం వాల్చిన తల్లి ఉయ్యాల తాడు కొసను కాలి బొటనవేలికి ముడేసుకుని, నిద్రమత్తులోనే కాలు కదిలిస్తూ ఊపేది. బిడ్డ గట్టిగా ఏడిస్తే ఎత్తి పక్కలో వేసుకునేది. పొలం పనికి వెళ్లే కూలితల్లికి ఆ దూలమూ లేదు. తుమ్మకొమ్మకో వేపకొమ్మకో పాత చీర కట్టి బిడ్డను అందులో వేసేది. ఊపే పని ఆరేడేళ్ల అక్కది. ఆ అక్క బడి ముఖం చూడకపోవడానికి ఆ ఉయ్యాల తాడే కారణమైన ఇళ్లు కోకొల్లలు.

నిద్రపుచ్చడం మన దగ్గర ఎంత పెద్ద పనో తిరుమలలో తెలుస్తుంది. రాత్రి ఏకాంతసేవలో భోగశ్రీనివాసమూర్తిని మంచం మీద పవళింపజేసి, తాళ్లపాక అన్నమయ్య వంశీకులు లాలి పాడతారు. దేవుడికైనా పక్కన ఒకరుండి పాడితేనే నిద్ర అన్నది మన లెక్క.

మండువాలో ఎవరి చోటు వారిది

గోదావరి, కృష్ణా జిల్లాల మండువా లోగిళ్లలో నడుమ ఆకాశం కనిపించే మండువా, చుట్టూ వసారాలు, ఆపైన గదులు. ఇల్లు పెద్దదే కానీ తలుపులున్న గదుల్లో సగం మనుషులవి కావు. ఒకటి ధాన్యానికి, ఒకటి ఊరగాయ జాడీలకు, ఒకటి దేవుడికి. మిగిలిన ఒకటి రెండు గదులు పెళ్లయిన జంటలవి. ఇంట్లోకి కొత్త కోడలు వస్తే ఆ గది వాళ్లకు ఇచ్చేసి, అప్పటికే ఇద్దరు పిల్లల తల్లయిన పెద్దకోడలు వసారాలోకి రావాల్సిందే. గదికి అర్హత కొత్త కాపురం. పిల్లలకు గది అన్న ఊహే లేదు.

రాత్రి భోజనాలయ్యాక ఈత చాపలు, తుంగ చాపలు పరుచుకునేవి. తెల్లవారేసరికి చుట్టలు చుట్టుకుని గోడ మూలకు చేరేవి. పడక కదిలేది కాబట్టి పడుకునే చోటూ కదిలేది. ఆ కదలికలో చెప్పకనే నడిచే ఒక క్రమం ఉండేది. చంటిబిడ్డ తల్లి దగ్గర. దాని పైది నాయనమ్మ దగ్గర. ఆ పైవాళ్లు మేనత్త చుట్టూ. ఏడెనిమిదేళ్లు దాటిన మగపిల్లలు తాతతో అరుగు మీద. ఆడపిల్లలు పెళ్లయ్యేదాకా లోపలే. ఈ పటంలో తండ్రి ఎక్కడా కనిపించడు. ఆయన వీధి వసారాలోనో, పంట రోజుల్లో కళ్లం దగ్గరో పడుకునేవాడు. పిల్లల నిద్ర ఆయన పద్దులో లేదు.

కడుపుతో ఉన్న తల్లి పెద్దబిడ్డ చేత పాలు మాన్పించే రోజుల్లోనే పడకా మారేది. రొమ్ముకు వేపాకు ముద్ద రాసుకోవడం, ఆ రాత్రే పిల్లను నాయనమ్మ దగ్గరికి పంపడం జంటగా జరిగేవి. పిల్ల ఏడ్చేది. రెండు మూడు రాత్రులు ఇల్లంతా జాగారం. నాయనమ్మ దగ్గర ఆ ఏడుపుకు మందు ఉండేది: ముసలి చేతుల వెచ్చదనం, కొంగున కట్టుకున్న బెల్లం ముక్క, ఎంతకీ తెగని కథ. పేదరాశి పెద్దమ్మ, ఏడుగురు రాజకుమారులు, కాశీ మజిలీలు మన పిల్లల్లోకి వెళ్లిన దారి ముఖ్యంగా ఇదే. చెల్లెలికి అమ్మను వదులుకున్న పిల్లకు కథలు దక్కాయి.

ఈ ఏర్పాటును మురిపెంగా తలుచుకునేటప్పుడు దాని ఖరీదునూ తలుచుకోవాలి. నలుగురు పిల్లల్ని చుట్టూ వేసుకుని పడుకున్న ఆ మేనత్త చాలా ఇళ్లలో చిన్ననాడే వితంతువైన ఆడపడుచు. తనకంటూ బిడ్డలు కలిగే హక్కును తోసిపుచ్చిన కుటుంబమే అన్నదమ్ముల బిడ్డల్ని ఆమెకు అప్పగించింది. ఒకే బొంత కింద ముగ్గురు పడుకుంటే ఒకరికి గజ్జి వస్తే ముగ్గురికీ వచ్చేది. తట్టు, కోరింత దగ్గు సంగతీ అంతే. కుక్కి మంచంలో నులక వదులై నడుమ గుంట పడితే ఇటొకరు అటొకరు పడుకున్న పిల్లలు అర్ధరాత్రికి ఒకరి మీద ఒకరు చేరేవారు. పక్క తడిపింది ఎవరో తేలక ఇద్దరికీ దెబ్బలు పడేవి.

కాలం కూడా పిల్లల చోటు మార్చేది. ఎండాకాలం పెరట్లోకి, వీధిలోకి, డాబాలొచ్చాక డాబా మీదికి. సప్తర్షులు ఉత్తరాకాశంలో బాగా పైకి వచ్చేవేళకు మాటలు సద్దుమణిగేవి. నడిరేయి చినుకు పడితే పెద్దవాళ్లు నిద్రపోతున్న పిల్లల్ని బొంతలతో సహా ఎత్తుకుని లోపలికి పరిగెత్తేవారు. తెల్లారి లేచిన పిల్లలు తామెక్కడున్నదీ తెలియక కళ్లు నులుముకునేవారు. తెలంగాణ పల్లెల్లో చలికాలమంతా గొర్రె ఉన్ని గొంగడి పిల్లల్ని కాచింది.

దోమతెర, క్వార్టర్లు, వాటాలు

1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. ఆ తర్వాత దోమతెర కలవారి సోకు స్థాయి నుంచి ఆరోగ్య సాధనం స్థాయికి చేరింది. పిల్లల పడక మీద దాని ప్రభావం చిన్నది కాదు. ఇంట్లో ఒక్క తెరే ఉంటే పిల్లలందరూ దాని కిందే. తెర కొలతే పడక కొలత. తెర అంచులు పరుపు కింద దోపడం, లోపలికి దూరిన ఒక్క దోమను చంపడానికి నానా హంగామా చేయడం రోజువారీ ఆట.

అదే కాలంలో ఉద్యోగాలు కుటుంబాలను పల్లె నుంచి పట్నానికి లాగాయి. వాల్తేరు, కాజీపేట, బెజవాడల్లో రైల్వే కాలనీలు వెలిశాయి. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడ్డాక బొగ్గుబావుల చుట్టూ కార్మిక వాడలు పెరిగాయి. హైదరాబాదులో 1908 మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు బస్తీలను తొలగించి వరుస ఇళ్లు కట్టింది. ఈ ఇళ్లన్నీ భార్యాభర్తలు, వాళ్ల పిల్లల లెక్కన కట్టినవి. ఒక గది, ఒక వంటిల్లు, ముందో వెనకో చిన్న వరండా. నాయనమ్మకు చోటు లేదు, లేదా పండుగకు వచ్చినప్పుడు మాత్రమే చోటు.

గనుల్లో, రైల్వేల్లో షిఫ్టుల వల్ల పడక లెక్క ఇంకా తిరకాసైంది. నాన్న రాత్రి షిఫ్టుకు వెళ్తే ఆ మంచం పిల్లలది. ఉదయం ఆయన వచ్చేసరికి ఖాళీ చేయాలి. ఆయన పగలు నిద్రపోతుంటే చంటిదాన్ని తీసుకుని తల్లి పక్కింటి అరుగు మీద కూర్చునేది. ఒకే మంచం రెండు పూటలా పనిచేసిన ఇళ్లవి.

స్వాతంత్ర్యం వచ్చాక గుమాస్తాలు, మాస్టార్లు బతికిన రెండు గదుల వాటాలదీ ఇదే కథ. ఉమ్మడి కుటుంబం పల్లెలో ఆగిపోయింది కానీ నలుగురు, ఐదుగురు పిల్లల్ని కనే అలవాటు పట్నం దాకా వెంట వచ్చింది. గోడవారగా వరసగా పక్కలు పరిచేవారు. చిన్నది తల్లి వైపు, పెద్దవాడు తలుపు వైపు. కొత్త బిడ్డ పుడితే వరసంతా ఒక్కో చోటు జరిగేది. 1947 జూలైలో మొదలైన 'చందమామ' ఈ ఇళ్లలోకే వచ్చింది. నాయనమ్మ లేని గదిలో అచ్చు కథను పెద్దక్క చదివి వినిపించేది. నాయనమ్మ పాత్రలో సగం అచ్చుకు, సగం అక్కకు పంచినట్టయింది.

ఈ ఒంటిగది బతుకు గతించిన ముచ్చటేం కాదు. 2011 జనగణన నాటికి కూడా దేశంలో నూటికి 37 కుటుంబాలు ఒకే గదిలో బతుకుతున్నాయి. పిల్లల్ని ఎక్కడ పడుకోబెట్టాలన్న ప్రశ్న రావాలంటే ముందు రెండో గది ఉండాలి.

పడమటి పుస్తకాలు చెప్పింది

ఇదే నూరేళ్లలో అమెరికా వేరే దారిన నడిచింది. 1894లో డాక్టర్ లూథర్ ఎమెట్ హోల్ట్ రాసిన శిశుపోషణ పుస్తకం, 1928లో మనస్తత్వవేత్త జాన్ వాట్సన్ రాసినది క్రమశిక్షణే పరమార్థమని బోధించాయి. పిల్లను ఎక్కువ ఎత్తుకోవద్దు, ముద్దు చేయవద్దు, ఒంటరిగా పడుకోవడం అలవాటు చేయాలి. 1985లో డాక్టర్ రిచర్డ్ ఫెర్బర్ పుస్తకం వచ్చాక, ఏడుస్తున్న బిడ్డ దగ్గరికి వెళ్లే వ్యవధిని రాత్రిరాత్రికీ పెంచుకుంటూ పోయే పద్ధతి ఇంటింటి మాటైంది.

ఈ రెండు లోకాల తేడాను కొలిచిన అధ్యయనం ఒకటి మన పొరుగునే జరిగింది. మానవశాస్త్రవేత్త రిచర్డ్ ష్వెడర్, ఆయన సహచరులు 1995లో ప్రకటించిన పరిశోధన కోసం భువనేశ్వర్‌లోనూ షికాగోలోనూ మనుషులను ఒకే లెక్క అడిగారు: తల్లి, తండ్రి, వేర్వేరు వయసుల ఐదుగురు పిల్లలు, గదులు తక్కువ, ఎవరిని ఎవరితో పడుకోబెడతారు? ఒడియా కుటుంబాలు చిన్నవాళ్లను ఒంటరిగా వదలకూడదన్న నియమాన్ని ముందు పెట్టాయి. ఈడొచ్చిన ఆడపిల్ల రక్షణ, పెద్దల మర్యాద దానికి తోడు. షికాగో వాళ్లకు దంపతుల ఏకాంతం, పిల్లల స్వతంత్రత ముఖ్యమయ్యాయి. ఆ లెక్కను మన మండువా నాయనమ్మకు ఇచ్చి ఉంటే ఆమె జవాబు భువనేశ్వర్ జవాబే అయ్యేది.

పుస్తకాలు తమ మాటను తామే మార్చుకోవడం ఈ కథలో మరో మలుపు. అమెరికా పిల్లల వైద్యుడు డాక్టర్ స్పాక్ రాసిన ప్రసిద్ధ శిశుపోషణ పుస్తకం 1958 ముద్రణలో పసికందును బోర్లా పడుకోబెట్టమంది. దశాబ్దాల తర్వాత అది నిద్రలో ఆకస్మిక మరణాల ముప్పు పెంచుతుందని తేలింది. 1994లో అమెరికా వెల్లకిలా పడుకోబెట్టమనే ప్రచారాన్ని దేశమంతా చేపట్టింది. 2016లో, మళ్లీ 2022లో అక్కడి పిల్లల వైద్యుల సంఘం బిడ్డ కనీసం ఆరు నెలలు తల్లిదండ్రుల గదిలోనే, అయితే విడి పడక మీద నిద్రపోవాలని చెప్పింది. వాళ్లు పిల్లను పక్క గది నుంచి తమ గదిలోకి తెచ్చుకుంటున్న రోజుల్లోనే మనం పిల్లకు పక్క గది కట్టడం మొదలుపెట్టాం.

డబుల్ బెడ్‌రూమ్ కాలం

1960లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ మండలి ఎల్ఐజీ, ఎంఐజీ, హెచ్ఐజీ అని ఆదాయాన్ని బట్టి ఇళ్లు కట్టి, 'బెడ్‌రూమ్' అన్న మాటను మధ్యతరగతి ఇంటి కొలతగా స్థిరపరిచింది. 1983 తర్వాత బలహీన వర్గాల పక్కా ఇళ్లు, 2006 నుంచి ఇందిరమ్మ ఇళ్లు గుడిసెల నుంచి లక్షల కుటుంబాలను కాంక్రీటు కప్పు కిందికి తెచ్చాయి. 2015లో మొదలైన తెలంగాణ పథకం పేరులోనే డబుల్ బెడ్‌రూమ్ ఉంది. ఇంటి కొలత 560 చదరపు అడుగులు. ఆంధ్రప్రదేశ్‌లో జగనన్న కాలనీల పేరిట కట్టిన ఇల్లు 340 చదరపు అడుగులు, పట్టణ పేదల టిడ్కో ఫ్లాట్లు 300 నుంచి 430.

గదులు పెరుగుతుంటే పిల్లలు తగ్గారు. 1992-93 కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సగటున ఒక స్త్రీకి 2.59 మంది పిల్లలు. 2019-21 సర్వేకు ఆంధ్రప్రదేశ్‌లో అది 1.7, తెలంగాణలో 1.8. గోడవారగా పక్కల వరస పరిచే అవసరం పోయింది. పిల్లల గదికి గులాబీ రంగు, గోడకు బొమ్మలు, పైకొకటి కిందకొకటి మంచాలు వచ్చాయి.

కానీ ఆ గదిలోకి రాత్రి తొమ్మిదింటికి తొంగి చూడండి. మంచం మీద ఇస్త్రీ బట్టల దొంతర, బొమ్మలు, మడతపెట్టిన దుప్పట్లు ఉంటాయి. పిల్లలు మాత్రం అమ్మానాన్నల మధ్యనే. ఏప్రిల్ వస్తే ఇక చెప్పనక్కర్లేదు. ఏసీ ఒక గదికే ఉన్న ఇంట్లో అందరూ ఆ గదిలోనే, మంచం మీద ఇద్దరు, కింద పరుపు మీద ఇద్దరు. ఒకప్పుడు ఎండలు కుటుంబాన్ని పెరట్లో ఒక్కచోట చేర్చాయి, ఇప్పుడు ఏసీ గదిలో చేరుస్తున్నాయి. చివరికి పిల్లవాడు తన గదిలో తాను పడుకునే వయసుకు వచ్చేసరికి పదో తరగతి అయిపోయి, ఇంటర్ కాలేజీ హాస్టల్‌లో బంకు మంచం సిద్ధంగా ఉంటుంది. లక్షలు పోసి కట్టిన పిల్లల గదిలో పిల్లలు నిద్రపోయిన ఏళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

సముద్రం దాటిన తెలుగు కుటుంబాల్లో ఈ చిక్కు ఇంకా బిగిసింది. అమెరికాలో గదులకు కొదవ లేదు, కొరతంతా మనిషికే. కాన్పుకు సాయం వచ్చిన అమ్మమ్మో నాయనమ్మో సందర్శక వీసా మీద మామూలుగా ఉండేది ఆరు నెలలు. పెద్దపిల్ల ఆమె పక్కకు అలవాటు పడేలోపు విమానం టికెట్ తేదీ వస్తుంది. ఇక యూరప్‌లో ఇది చట్టం దాకా వెళ్లిన ఉదంతమూ ఉంది. 2011లో నార్వేలోని స్టావాంగర్‌లో ఒక భారతీయ దంపతుల ఇద్దరు పిల్లల్ని అక్కడి శిశు సంక్షేమ శాఖ తీసుకుపోయింది. బిడ్డ తండ్రితో ఒకే మంచం మీద పడుకోవడాన్నీ తప్పుగా ఎంచారని తల్లిదండ్రులు చెప్పారు, కారణాలు వేరని అధికారులు అన్నారు. 2012లో ఆ పిల్లలు భారతదేశానికి తిరిగి వచ్చారు.

ఇక ఇప్పుడు

పాత ఇంటి నుంచి అన్నీ తెచ్చుకోనక్కర్లేదు. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు, ముఖం మీదికి జారే బొంత, మెత్తటి పరుపు చంటిబిడ్డకు ముప్పు. ఆరు నెలల లోపు బిడ్డ తల్లి గదిలోనే, చేతికందే దూరంలో, గట్టి పడక మీద వెల్లకిలా పడుకోవాలి. పొగ తాగేవాళ్లు, మద్యం తాగినవాళ్లు బిడ్డ పక్కన పడుకోకూడదు. చీర ఉయ్యాలలో పెద్ద పిల్లల్ని ఆడుకోనివ్వకూడదు. చీర మెడకు చుట్టుకుని ప్రాణాలు పోయిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం.

పాత ఇంటి నుంచి తప్పక తెచ్చుకోవాల్సింది ఒకటుంది. పెద్దబిడ్డ చోటు మార్చేటప్పుడు గది సంగతి తర్వాత, ముందు ఎవరి పక్కన అన్నది తేల్చుకోవాలి. కొత్త బిడ్డ ఇంటికొచ్చిన రోజునే పెద్దదాన్ని లేపి వేరే గదిలో వేస్తే, తన చోటు లాక్కున్నది ఆ చంటిదేనని అది లెక్క కడుతుంది. కాన్పుకు రెండు మూడు నెలల ముందే మార్చాలి, మార్చిన చోట ఒక మనిషి ఉండాలి.

నాయనమ్మ ఇంట్లో ఉంటే ఆమె అదృష్టం, మనవరాలి అదృష్టం. లేని ఇంట్లో ఆ చోటు నాన్నది. నూరేళ్ల పడకల పటంలో చాలాకాలం కనిపించని మనిషి ఆయనే. అరుగు మీద పడుకునే రోజులు పోయాయి, కళ్లం కాపలా లేదు, చాలామందికి రాత్రి షిఫ్టు కూడా లేదు. కాబోయే రెండో బిడ్డ కోసం మంచం కొనడానికి బయల్దేరే నాన్నలకు ఒక మాట: మంచం తర్వాత కొనొచ్చు. ఈ రాత్రి నుంచే పెద్దదాన్ని మీ పక్కలో పడుకోబెట్టుకోండి. ఫోను అవతల పెట్టి, దానికి ఒక కథ చెప్పండి.